పద్దెనిమిదేళ్ళు నిలిచిపోయిన బుల్లెట్‌ను నడిపించిన తిరుపతి షెడ్డు: ఒక సమీక్ష

పాత బుల్లెట్‌కు కొత్త రంగు వేసి, క్రోమ్ పూతతో తళతళలాడించి ఇచ్చే దుకాణాలకు తిరుపతిలోగాని, చిత్తూరులోగాని ఇప్పుడు కొదవ లేదు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోయిన ఇంజను లోపల ఏం జరిగిందో ముందుగా తెలుసుకుని, అవసరమైనంత మేరకే విప్పి, తిరిగి రోడ్డు మీద నమ్మకంగా నడిచేలా చేయగలిగిన చోట్లు మాత్రం చాలా తక్కువ. తిరుపతి నుంచి కరకంబాడి వెళ్ళే దారిలో, ప్రధాన రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక రేకుల షెడ్డు ఆ కొద్ది చోట్లలో ఒకటి. మా నాన్నగారి 1986 నాటి బుల్లెట్ 350ని అక్కడ బాగుచేయించుకుని, ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ నడిపి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. షెడ్డుకు బోర్డు లేదు. పేరు రాయవద్దని, ఒప్పుకున్న బండ్లు పూర్తిచేయడానికే సమయం చాలడం లేదని మేస్త్రి కోరారు కనుక ఆ మాట పాటిస్తున్నాను. ఆ వైపు పాత బండ్లు నడిపేవారిని ఎవరిని అడిగినా దారి చెబుతారు.

షెడ్డు చేసిన పని విలువ తెలియాలంటే బండి స్వభావం కొంత తెలియాలి. 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్ తయారీ, తిరువొత్తియూరు కర్మాగారంలో దశాబ్దాల పాటు దాదాపు ఒకే నమూనాలో సాగింది. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ సామర్థ్యం, పోత ఇనుప సిలిండరు, దాని మీద అల్యూమినియం హెడ్డు, కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు ఉన్న పాత అమరికలోనిదే మా బండి. నాన్నగారు దాని మీదే మామిడి తోటలకు తిరిగేవారు. 2006లో ఆయన ఆరోగ్యం దెబ్బతిన్న తరువాత దానిని ఎవరూ బయటికి తీయలేదు. చిత్తూరు ఇంటి వసారాలో కొన్నేళ్ళు, తరువాత తిరుపతిలో మా ఇంటి కింది భాగంలో కొన్నేళ్ళు నిలిచి ఉంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు చక్రాల సగం వరకు నీళ్ళు చేరి, ఒక పూటంతా అలాగే ఉండిపోయాయి. అంటే ఈ బండికి రెండు రకాల హాని జరిగింది: నిలిచిపోవడం వల్ల కలిగినది ఒకటి, నీటి వల్ల కలిగినది మరొకటి. ఈ రెండింటినీ వేరు చేసి చూసినవారు నేను సంప్రదించిన వారిలో ఈ మేస్త్రి ఒక్కరే.

అంతకుముందు నగరంలోనే మరొక దుకాణానికి బండిని చూపించాను. అక్కడ ఇంజను తాకి చూడకుండానే క్రాంకు (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు), దానిని పిస్టన్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు, గేర్‌బాక్సు సహా మొత్తం విప్పి మార్చాలని చెప్పి, లక్ష రూపాయలు దాటే లెక్క చెప్పారు. తుప్పు ఇనుమును ఎంత తిన్నదో కొలవకుండా ఏది మార్చాలో ఎలా నిర్ణయించారని అడిగితే, ఇన్నేళ్ళు నిలిచిన బండికి అదే పద్ధతి అన్నారు. అది పద్ధతి కాదని నా నమ్మకం. చమురు పొర కింద ఉన్న భాగాలు ఎన్నేళ్ళు నిలిచినా చెడకుండా ఉండవచ్చు. గాలి, తేమ తగిలిన భాగాలు ఒక్క వానాకాలంలోనే చెడిపోవచ్చు. ఏది ఏ కోవలోకి వస్తుందో చూసి చెప్పడమే మెకానిక్ నేర్పు.

కరకంబాడి దారి షెడ్డులో బండిని దించగానే, మొదట కిక్కును ఎవరూ తాకవద్దని మేస్త్రి తన దగ్గర పనిచేసే పిల్లలను హెచ్చరించారు. నిలిచిపోయిన పోత ఇనుప ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అతుక్కుపోయి ఉండవచ్చు. ఇంజను ఆగిన చోట వాల్వ్ ఏదైనా కొద్దిగా తెరుచుకుని ఉంటే, సైలెన్సరు గుండానో కార్బొరేటరు గుండానో తేమ గాలి నేరుగా పిస్టన్ మీదికి చేరుతుంది. అటువంటి ఇంజనును బలంగా కిక్కు కొట్టి కదిలించబోతే రింగు విరగవచ్చు, విరిగిన ముక్క బోరును గీకవచ్చు, కిక్కు పళ్ళు కూడా అరిగిపోవచ్చు. ఆయన స్పార్క్ ప్లగ్గు తీసి, టార్చి లైటుతో లోపల చూసి, డీజిలు, ఇంజను ఆయిలు కలిపిన మిశ్రమాన్ని ఆ రంధ్రం గుండా పోసి, కొన్ని రోజులు అలాగే వదిలేశారు. ఇంకినప్పుడల్లా మళ్ళీ పోశారు. తరువాత బండిని నాలుగో గేరులో ఉంచి, వెనుక చక్రాన్ని చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ నిదానంగా ఊపారు. పై గేరులో ఉంచితే చక్రం మీద పెట్టిన బలం ఇంజనుకు ఎక్కువగా అందుతుంది. చేతి బలం కనుక హద్దు మీరదు. ఆ విధంగా పిస్టన్ కదిలింది. ఈ నిదానం గురించి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. పాత బండ్లకు నష్టం నిలిచిన కాలంలో కంటే, తిరిగి తీసిన మొదటి గంటలోనే ఎక్కువగా జరుగుతుందని ఆయన అన్నారు; పని చూసిన తరువాత నేనూ ఆ మాటతో ఏకీభవిస్తున్నాను.

హెడ్డు, సిలిండరు తీసిన తరువాత రింగులు ఆనుకుని ఉన్న చోట బోరు చుట్టూ తుప్పు గీత స్పష్టంగా కనిపించింది. దానిని గోటితో తడిమితే గుంటలు తగిలాయి. పైన, నడుమ, కింద, రెండు దిశలలోనూ బోరును కొలిపించి, ఆ కొలతలు నా ఎదుటే పుస్తకంలో రాశారు. పైపైన రాపిడి పెట్టే హోనింగ్‌తో పోయే గుంటలు కావవి. 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు కూడా చాలదు కనుక 20 థౌ వరకు బోరు చేయించాలని నిర్ణయించారు. ఇక్కడ ఆయన పాటించిన క్రమం మెచ్చుకోదగినది. ముందుగా పిస్టన్ కొని తెచ్చి, దానిని మైక్రోమీటరుతో కొలిచి, ఆ పిస్టన్‌కు తగినట్టుగా సిలిండరును బోరు చేయించారు. బోరు ముందే చేయించి, తరువాత దొరికిన పిస్టన్ వేసే చోట్ల ఖాళీ ఎక్కువై పిస్టన్ చప్పుడు చేయడమో, తక్కువై వేడికి పట్టేయడమో జరుగుతుంది. మే నెలలో తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో గాలితో చల్లబడే ఇంజనుకు ఆ ఖాళీ ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. ఈ పని చేసే లేత్ షాపు ఆయనది కాదు, ఆటోనగర్‌లోని వేరొకరిది. అయినా బోరు తయారై రాగానే తన గేజితో మళ్ళీ కొలిచి చూసుకున్న తరువాతే తీసుకున్నారు.

క్రాంకు విషయంలో ఈ షెడ్డు మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. సిలిండరు తీసిన తరువాత కనెక్టింగ్ రాడ్డును నా చేతికి ఇచ్చి, పైకీ కిందికీ లాగి చూడమన్నారు. ఆ దిశలో కదలిక ఏమాత్రమూ లేదు; పక్కలకు మాత్రం ఉండవలసినంత ఉంది. "ఇది బాగుంది నాయనా, దీన్ని విప్పితే మనమే చెడగొట్టినట్టు" అని, క్రాంక్‌కేసు రెండు భాగాలను విడదీయకుండానే వదిలేశారు. మొదటి దుకాణం తప్పకుండా మార్చాలన్న భాగం అదే. కర్మాగారంలో ఒకసారి సరిగ్గా అమరిన క్రాంకును విప్పి, కొత్త పిన్ను వేసి, ప్రెస్సు మీద మళ్ళీ వంకర లేకుండా నిలపడం అందరికీ చేతనయ్యే పని కాదు. దాని జోలికి పోకపోవడం వల్ల ఖర్చు తగ్గింది. అంతకన్నా ముఖ్యంగా ఇంజను తన అసలు కొలతల్లోనే మిగిలింది.

అలాగని తెరవవలసిన చోట తెరవకుండా వదలలేదు. పాత బుల్లెట్‌లో ఇంజను ఆయిలు నిలిచే గది క్రాంక్‌కేసులోనే విడిగా ఉంటుంది. ఒక పంపు ఆయిలును బిగ్ ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చివరకు) పంపితే, మరొక పంపు కిందికి జారిన ఆయిలును తిరిగి గదికి చేరుస్తుంది. బండి ఏళ్ళ తరబడి నిలిచినప్పుడు ఆయిలు పంపు సందుల గుండా మెల్లగా జారి, క్రాంకు తిరిగే చోట నిండిపోతుంది. అది చూసుకోకుండా స్టార్టు చేస్తే సైలెన్సరు నుంచి తెల్లటి పొగ కమ్ముతుంది, బ్రీదరు (ఇంజను గాలి గొట్టం) గుండా ఆయిలు చిమ్ముతుంది. ఆ పొగ చూసి ఇంజను పోయిందని అనవసరంగా విప్పిన సందర్భాలు కూడా ఉంటాయి. ఇక్కడ కింది డ్రెయిన్ ప్లగ్గులన్నీ విప్పి, పాత ఆయిలును పళ్ళెంలోకి వంచి, అందులో ఇత్తడి రజను ఉందా, ఇనుప పొడి ఉందా అని అయస్కాంతంతో చూశారు. క్లచ్ వైపున్న ప్రైమరీ చైన్ కేసు నుంచి వచ్చిన ఆయిలు మాత్రం మజ్జిగ రంగులో ఉంది. 2021 వరద నీరు అక్కడికి చేరిందని దానితో తేలిపోయింది. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వాటిని విడదీసి, ఉక్కు ప్లేట్లను చదును చేసి, లైనింగు ప్లేట్లను మార్చారు. ప్రైమరీ చైన్ కూడా మార్చవలసి వచ్చింది. వెనుక చక్రం బేరింగులు, హబ్బు రబ్బర్లు కూడా నీటికి చెడినవే.

టైమింగ్ కవరులో ఒక చిన్న బెండు (కార్క్) వాషరు ఉంటుంది. పంపు నుంచి వచ్చే ఆయిలు క్రాంకు చివరి గుండా బిగ్ ఎండ్‌కు చేరే దారిలో అది అడ్డుకట్టగా పనిచేస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఎండి గట్టిపడుతుంది. పగిలితే ఆయిలు చేరవలసిన చోటికి చేరకుండా పక్కకు జారిపోతుంది, బిగ్ ఎండ్ ఎండిపోయి పట్టేస్తుంది. ధర చూస్తే అతి స్వల్పం, అది మార్చకపోతే జరిగే నష్టం మొత్తం ఇంజను. మేస్త్రి ఆ కవరు విప్పి, కొత్త వాషరును ఆయిలులో నానబెట్టి అమర్చి, ఫెల్టు ఫిల్టరును కూడా మార్చారు. పాత బుల్లెట్ బాగుచేయించుకునే ప్రతి ఒక్కరూ తమ మెకానిక్‌ను ఈ వాషరు గురించి తప్పకుండా అడగాలని నా సలహా. దానికి వచ్చే జవాబును బట్టి ఆ చేతికి ఈ ఇంజను ఎంత పరిచయమో తెలిసిపోతుంది.

మరొక గుర్తు పానాలు. ఆ కాలపు బుల్లెట్‌లో చాలా మరలు బ్రిటిష్ కొలతలవి. మెట్రిక్ పానా దగ్గరగా సరిపోయినట్టే అనిపిస్తుంది గాని, బలం పెట్టగానే జారి నట్టు మూలలను అరగదీస్తుంది. ఈ షెడ్డు గోడకు బ్రిటిష్ కొలతల పానాలు వరుసగా వేలాడుతూ ఉంటాయి. వాటి మీది అంకెలు అరిగిపోయినా ఏది దేనికో అక్కడి పిల్లలందరికీ తెలుసు. నా బండిలో మూలలు అరిగిన నట్టు ఒక్కటి కూడా కొత్తగా చేరలేదు.

హెడ్డులో వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో కూర్చోబెట్టి, పోర్టులో కిరోసిన్ పోసి, వాల్వు పక్క నుంచి చెమ్మ కారుతుందేమోనని గమనించి సరిచూశారు. పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పెచ్చులుగా లేచింది. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లంతో తయారైన తుప్పు ద్రావణం పోసి, కడిగి, గాలి పట్టించి ఆరబెట్టి, వెంటనే ఆయిలు తిప్పారు. లోపల ప్లాస్టిక్ పూత వేయమని నేను కోరితే ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తోంది. నాసిరకం పూత దానికి మెత్తబడి ఊడితే కార్బొరేటరు మూసుకుపోతుందని కారణం చెప్పారు. అదే కారణంతో పెట్రోలు పైపు, ట్యాపులోని వాషర్లు, కార్బొరేటరులోని రబ్బరు ముక్కలు అన్నీ మార్చి, ట్యాపు కింద చిన్న ఫిల్టరు పెట్టారు. మిక్‌కార్బ్ కార్బొరేటరులో పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రం, అంటే పైలట్ జెట్టు, జిగురుతో పూర్తిగా మూసుకుపోయి ఉంది. దానిని సూదితో పొడవకుండా ద్రావణంలో నానబెట్టి, గాలితో ఊది శుభ్రం చేశారు. సూదితో పొడిస్తే రంధ్రం కొలత మారుతుందన్నది తెలిసినా, తొందరలో పాటించనివారే ఎక్కువ.

ఇంజను బిగించిన రోజు నన్ను పిలిపించి, నా ఎదుటే మొదటిసారి తిప్పారు. ప్లగ్గు బయటే ఉంచి, వాల్వులను తెరిచే రాకర్లకు ఆయిలు తీసుకెళ్ళే సన్న గొట్టం బోల్టును వదులు చేసి, అక్కడ ఆయిలు చెమర్చేవరకు కిక్కుతో తిప్పుతూనే ఉన్నారు. ఆయిలు పైవరకు చేరిందని కంటితో చూసిన తరువాతే ప్లగ్గు బిగించారు. అప్పటికే స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టు పాయింట్ల మీది పొరను తుడిచి, ఖాళీని 0.35, 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంచి, కండెన్సరు కొత్తది వేశారు. స్టార్టు చేసే పద్ధతిని కూడా ఓపికగా నేర్పారు. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ పోతే యాంపియర్ మీటరు ముల్లు ఎడమకు వాలి ఉండి, పాయింట్లు తెరుచుకోగానే నడిమికి వస్తుంది. అప్పుడు డీకంప్రెసర్ (సిలిండరులోని ఒత్తిడిని వదిలే మీట) పట్టుకుని కిక్కును మరికొంచెం దించి, వదిలి, పైనుంచి పూర్తిగా ఒక్క కిక్కు కొట్టాలి. బలం కాదు, ఆ ముల్లును గమనించడమే ముఖ్యం. బండి అప్పగించేటప్పుడు ఇంత వివరంగా నేర్పే దుకాణం నాకు మరొకటి తెలియదు.

ఇక లోపాలు. మొదటిది వైరింగు. షెడ్డులో విద్యుత్తు పని తెలిసినవారు లేరు. బయటి ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తారు. ఎలుకలు కొరికిన పాత తీగల స్థానంలో కొత్త హార్నెస్ వేశారు గాని, హెడ్‌లైట్ గిన్నె లోపల అతుకులన్నీ టేపు చుట్టి వదిలేశారు. హారను తీగ హ్యాండిల్ తిరిగే చోట రాసుకునేలా ఉంది. వానాకాలం మొదటి నెలలోనే అది తెగి, ఫ్యూజు పోయింది. ఇంజను పనిలో చూపిన శ్రద్ధలో సగం ఇక్కడ చూపినా ఈ ఇబ్బంది ఉండేది కాదు. చెప్పగానే పైసా తీసుకోకుండా సరిచేసి ఇచ్చారు, అతుకులకు సరైన కనెక్టర్లు కూడా వేయించారు. అయినా ఆ పని మొదటే జరగవలసింది. ముందువైపు రెండు చిన్న టైగర్ ల్యాంపులలో ఒకటి ఇప్పటికీ వెలుతురు తక్కువగానే ఇస్తోంది.

రెండవది రంగు. నాన్నగారి బండి నల్ల రంగు వెలిసినా ఎక్కువ చోట్ల చెక్కుచెదరలేదు; దానిని అలాగే పాలిష్ చేసి ఉంచమని కోరాను. మడ్‌గార్డులు మాత్రం తుప్పు తిన్నందున టింకరింగు చేయించి రంగు వేయక తప్పలేదు. పాత నలుపుకూ కొత్త నలుపుకూ తేడా పగటి వెలుతురులో తెలుస్తోంది. ట్యాంకు మీద బంగారు గీతలు చెరిగిన చోట నన్ను అడగకుండా స్టిక్కరు అంటించారు. చెన్నై కర్మాగారంలో ఆ గీతలను చేత్తో గీసే పద్ధతి ఉంది. ఆ గీతకు ఉండే సన్నని హెచ్చుతగ్గులు స్టిక్కరుకు రావు. నేను అభ్యంతరం చెబితే తీసివేసి, లారీలకు బొమ్మలు వేసే ఒక చిత్రకారుడిని పిలిపించి కుంచెతో గీయించారు. ఫలితం చాలా బాగుంది. అక్కడికి వెళ్ళేవారు తమకు ఏది పాతదిగానే ఉండాలో ముందుగానే కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది.

మూడవది సమయం. ఇది పెద్ద ఫిర్యాదే. చెప్పిన గడువుకు రెట్టింపు పట్టింది. కొంత ఆలస్యానికి కారణం ఉంది: బ్రహ్మోత్సవాల రోజుల్లో ట్యాక్సీలు, జీపుల పని మీద పడి లేత్ షాపులకు తీరిక ఉండదు, కొన్ని భాగాలు చెన్నై పుదుప్పేటలో వెతికి తేవలసి వచ్చింది. ఆలస్యాన్ని అర్థం చేసుకోగలను, దానిని ముందుగా తెలియజేయకపోవడాన్ని మాత్రం సమర్థించలేను. ఫోను చేస్తే తప్ప పని ఎంతవరకు వచ్చిందో చెప్పరు. దూరం నుంచి, ముఖ్యంగా మదనపల్లె, పలమనేరు వైపు నుంచి బండి తెచ్చేవారు దీనిని దృష్టిలో పెట్టుకోవాలి.

సామాన్లు, బోరింగు, రంగు, కూలీ అన్నీ కలిపి ఖర్చు 65 వేల రూపాయల దగ్గర తేలింది. టైర్లు, ట్యూబులు, సైలెన్సరు అందులోనే ఉన్నాయి. మార్చిన ప్రతి పాత భాగాన్నీ ఒక గోనెసంచిలో వేసి నాకు తిరిగి ఇచ్చారు. బిల్లులోని పద్దులతో వాటిని సరిపోల్చుకోగలిగాను. కొత్త భాగాల నాణ్యత విషయంలో కూడా ఆయన నిజాయితీగా మాట్లాడారు. ఇప్పుడు బజారులో దొరికే నకలు సైలెన్సర్ల రేకు పలుచన, క్రోమ్ పూత రెండు వానాకాలాలకు మించి నిలవదు, కావాలంటే పాతదానికే అతుకు వేసి ఇస్తానని ముందే చెప్పారు. టైర్ల మీద అచ్చు వేసిన నాలుగు అంకెలను చూపించి, ఏ వారంలో ఏ సంవత్సరంలో తయారైనవో చదివి వినిపించి మరీ బిగించారు. దుకాణాల్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న 19 అంగుళాల టైర్లను కొత్తవిగా అంటగట్టడం అరుదేమీ కాదు కనుక ఇది చిన్న విషయం కాదు. బ్రేకు షూలు చూడడానికి బాగానే ఉన్నా, లైనింగు జిగురు ఇన్నేళ్ళకు వదిలే ప్రమాదం ఉందని వాటిని మార్చడంలో రాజీ పడలేదు.

కాగితాల పని షెడ్డు చేయదు. ఆర్సీ నాన్నగారి పేరు మీద ఉన్నందున వారసత్వ బదిలీకి 31వ నంబరు ఫారం, గడువు తీరిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 25వ నంబరు ఫారం ఇవ్వవలసి వచ్చింది. తనిఖీలో ఇంజను, ఛాసిస్ నంబర్లు స్పష్టంగా కనిపించాలి. ఈ మేస్త్రి ఆ రెండు చోట్లా గీకుడు కాగితం తగలనివ్వకుండా, రంగు మందంగా పడకుండా కాపాడి, పెన్సిలుతో ముద్ర తీసి ఇచ్చారు. మెరుగు పెట్టే ఉత్సాహంలో ఆ అంకెలను అరగదీసిన బండికి తరువాత వచ్చే చిక్కులు అన్నీ ఇన్నీ కావు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన వాహనాలకే వర్తిస్తాయి కనుక 1986 బండికి మామూలు పునరుద్ధరణే దారి.

రోడ్డు మీద బండి ఎలా ఉందన్నది చివరికి ముఖ్యం. కొత్త పిస్టన్ కుదురుకునేవరకు, మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటవద్దని, ఒకే వేగంలో ఎక్కువసేపు పోవద్దని, ఆ తరువాత ఆయిలు మార్చాలని చెప్పారు, అలాగే చేశాను. చంద్రగిరి వరకు ఉదయం పూట వెళ్ళిరావడంతో మొదలుపెట్టి, పూతలపట్టు మీదుగా చిత్తూరు వరకు, తరువాత రంగంపేట దాటి భాకరాపేట కనుమ ఎక్కి పీలేరు వరకు నడిపాను. కనుమ ఎక్కుడులో మూడో గేరులో ఇంజను లాగుతున్న తీరు, హెడ్డు దగ్గర ఏ చప్పుడూ లేకపోవడం, పైకి చేరి ఆగిన తరువాత వేడి మీదే ఒక్క కిక్కుకు తిరిగి స్టార్టు కావడం షెడ్డు పనికి నిజమైన పరీక్షలు. మూడింటిలోనూ నెగ్గింది. టైమింగ్ కవరు అంచున కొద్దిగా ఆయిలు చెమ్మ కనిపిస్తుంది. ఈ ఇంజనుకు అది కొత్త కాదు, నేల మీద మాత్రం చుక్క పడడం లేదు. ఎడమ బ్రేకు అలవాటు తప్పినవారికి మొదటి వారం జాగ్రత్త అవసరం; మా తమ్ముడికి బండి ఇచ్చే ముందు ఖాళీ మైదానంలో చాలాసేపు నేర్పించాను.

ఇంజను పనికి, లెక్కల నిజాయితీకి ఈ షెడ్డును ఏ సందేహమూ లేకుండా సిఫారసు చేస్తాను. వైరింగు మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో విడిగా చేయించుకోవాలి, లేదా అతుకులు కనెక్టర్లతో వేయాలని ముందే షరతు పెట్టాలి. తొందర ఉన్నవారికి, పెళ్ళి ఊరేగింపుకు మెరిసే బండి కావలసినవారికి ఇది తగిన చోటు కాదు. బండి తీసుకువెళ్ళే ముందు ఇంట్లో కిక్కు కొట్టి చూడవద్దు, కొత్త పెట్రోలు పోయవద్దు. ఎలా నిలిచి ఉందో అలాగే ట్రాలీ ఆటోలో ఎక్కించి పంపండి. తీసుకునే బండ్లు తక్కువ కనుక సంక్రాంతి తరువాత అప్పగిస్తే, బ్రహ్మోత్సవాల రద్దీకి ముందే పని పూర్తయ్యే వీలుంటుంది.